ప్రైమర్ ఎండేదాకా

మా అత్త పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను ఆదిలాబాద్‌లో, పత్తి మిల్లు తూకం దగ్గర నిలబడి ఉన్నాను. ఫోనులో బాపు ఎక్కువ మాట్లాడలేదు. "అత్త పోయిందిరా. ఆయాసం పెద్దగయింది. బండి మాట్లాడేలోపే..." అని ఆగిపోయాడు. చుట్టూ దూది పొగలా లేస్తోంది. పక్కనున్న హమాలీ నా ముఖం చూసి "కాయ్ ఝాలా, భావూ?" అని మరాఠీలో ఏమైందని అడిగాడు. "ఇగ నా గురించి భయపడేటోళ్లు లేరు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. అతనికి తెలుగు అంతంతమాత్రం. నా భుజం మీద చెయ్యి వేశాడు.

మంచిర్యాలలో బస్సు మారి, గోదావరి దాటి వస్తున్నంతసేపూ ఏడుపు రాలేదు. భయం వేసింది. కండక్టరు టికెట్ అడిగితే ఉలిక్కిపడ్డాను. నేను చదివిన చిన్న పుస్తకాలన్నీ భయాన్ని వదిలెయ్యమన్నాయి, అది మన మెడకు మనమే కట్టుకున్న తాడన్నాయి. నిజమే కావచ్చు. కానీ ఇంట్లో ఒక మనిషి నా వంతు భయం కూడా తానే పడుతూ ఉన్నందుకే నాకు అంత గొంతు లేచేదని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ వంతు ఇప్పుడు నాకే తిరిగి వచ్చింది. ఇది చదివేవాళ్లకు ఆమె గురించి చెప్పాలనుకుంటున్నది అందుకే.

ఆమె మా బాపుకు అక్క. అవ్వ, అంటే మా అమ్మ, నా చిన్నతనంలోనే పోతే, మామ పోయి ఒంటరిగా ఉన్న అత్త మా ఇంటికి వచ్చి నన్ను పెంచింది. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, నా అన్నం, నా బడి, నా జ్వరం అన్నీ ఆ చేట మీదుగానే చూసుకుంది. ఆమె వేళ్లకు ఎప్పుడూ పొగాకు వాసన. ఆ వాసనే చివరికి ఊపిరితిత్తుల్లోకి దిగిందని డాక్టరు అన్నాడట. ఎవరి లాభం కోసం దిగిందో నేను రాయగలను, కానీ ఇవాళ రాయను.

భయపడటంలో ఆమెకు పద్ధతులుండేవి. తాళం వేశాక గుంజి చూసేది, నాలుగు అడుగులు పోయి మళ్లీ వచ్చి గుంజేది. ఎవరైనా "గిది ఎవలిల్లు?" అని అడిగితే జవాబుకు బదులు "ఎందుకు?" అనేది. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే, హలో అనకుండానే "రాంగ్ నంబర్" అని పెట్టేసేది. ఒకసారి అవతల ఉన్నది బాపే. కొత్త ఫోను కొని, మొదటి ఫోను అక్కకే చేశాడు పాపం. ఇంటికొచ్చి "నా గొంతు గూడ ఎరుకలేదా అక్కా?" అని అలిగితే, "నీ గొంతు ఎరుకనే తమ్మీ, నీ ఎన్క ఎవలున్నరో ఎరుకలేదు" అంది.

ఈ భయానికి ఒక మూలం ఉంది. ఆమె కొత్త కాపురంలో, ఇంటి ముందుగోడకు ఎర్రమట్టి జాజు పూసి, ముగ్గు పెట్టి ముచ్చటగా ఉంచుకుందట. ఊరికి ఎవరో మనుషులు వచ్చి మామ పేరు చెప్పి అడిగితే, "గా ఎర్రగోడ ఇల్లు" అని ఎవరో చూపించారు. వాళ్లు ఆయన్ను తీసుకుపోయారు. తీసుకుపోయింది పోలీసుల తరఫువాళ్లని కొందరు, అడవి తరఫువాళ్లని కొందరు అన్నారు. మామ ప్రాణాలతో తిరిగి వచ్చాడు, కానీ ఆ తర్వాత పోయేదాకా ఆయన గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. అత్త ఆ రోజే గోడ మీద మట్టి పూసేసింది. మళ్లీ ఎప్పుడూ ఇంటికి రంగు వెయ్యనివ్వలేదు.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి మా బాపు తెల్ల ప్లాస్టిక్ కిటికీలు తెచ్చాడు.

తప్పు బాపుది కూడా కాదు. పాత చెక్క కిటికీలు చెదలు తిని, చెయ్యి పెడితే పొడిగా రాలేవి. బాపు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే మనిషి, కొత్త టేకు మా వల్ల కాని మాట. కరీంనగర్‌లో ఒక పాత దుకాణాన్ని పడగొడుతుంటే దాని ప్లాస్టిక్ కిటికీలను ఆటోలో వేసుకొచ్చి బిగించాడు. చెదలు పట్టదు, వానకు ఉబ్బదు. మల్లెపువ్వంత తెలుపు. మా వాడలో అన్నీ నీలం రంగు చెక్క కిటికీలే. పక్కింటి పెద్దమ్మ చూసి "ఏందే, దవాఖాన పెట్టిండ్రా? సూదులు గూడ ఏస్తరా?" అని నవ్వింది. ఆమె నవ్వుతో పోలేదు. పాలాయన దగ్గర నుంచి కరెంటు బిల్లు కొట్టే ఆయన దాకా మమ్మల్ని 'తెల్ల కిటికీలోళ్లు' అనటం మొదలుపెట్టారు. బాపుకు అది గొప్పగానే ఉండేది. అత్తకు మాత్రం అన్నం సయించలేదు. "ఇంటికి గుర్తు పడొద్దు తమ్మీ. గుర్తు పడ్డ ఇంటికి తొవ్వ సులువైతది" అనేది.

అదే సమయంలో నేను కరపత్రం రాశాను. మానేరు వాగులో నింపుకున్న ఇసుక లారీలు మా బడి తోవలోంచే పోతాయి. ఒకరోజు ఒక లారీ దగ్గరగా ఒరుసుకుపోతే ఒక పిల్ల భయపడి పక్కనున్న మురుగు మోరీలో పడి చెయ్యి విరిగింది. ఊళ్లో పెద్దమనిషి అనిపించుకున్న ఒక్కడూ నోరు మెదపలేదు. నా ఒళ్లు మండింది. 'బడి పిల్లల తొవ్వల ఇసుక లారీలెందుకు?' అని పైన పెద్ద అక్షరాలు, కింద నా పేరు. పేరు లేని కరపత్రం పిరికిదని నా నమ్మకం. హుజూరాబాద్‌లో అచ్చు వేయించి బడి గేటు మీద, బస్టాండులో అతికించాను. అత్త ఆ కాగితాల వైపు చూడలేదు. ఏం రాశావని కూడా అడగలేదు.

రెండు రోజులకు చాయ్ హోటలాయన ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"తమ్మీ, ఇద్దరు బండి మీద వచ్చిండ్రు. నీ పేరు చెప్పి ఇల్లేదని అడిగిండ్రు."

"చెప్పినవా?"

"నేను చెప్పలే. గని పక్కన కూసున్న ముసలాయన 'గా తెల్ల కిటికీల ఇల్లు' అననే అన్నడు. మల్ల వస్తమని పోయిండ్రు. జర పైలం."

అత్త చేట పక్కన పెట్టి లేచింది. ఆమె ముఖం అప్పుడే పిండిన బట్టలా ఉంది. "కిటికీలకు రంగెయ్యాలె" అంది.

"ఎందుకు? తప్పు చేసినమా? దాక్కుంటరా ఎవలన్న?"

"నేను దాక్కుంట. నువ్వు నా ఎన్క నిలబడు."

"గిదే అత్తా! గీ భయమే వాళ్ల పెట్టుబడి!"

"పెట్టుబడో గిట్టుబడో, బ్రష్షు పట్టుకో."

తలుపులకు వేయగా మిగిలిన నీలం ఆయిల్ పెయింట్ డబ్బా ఒకటి అటక మీద ఉంది. చెక్కకు వేసినట్టే ప్లాస్టిక్ మీద వేసేశాం. కడగలేదు, గీకలేదు. అత్త వీధి చివరకు చూస్తూ బ్రష్షు ఆడించింది, నేను కోపంగా ఆడించాను. సాయంత్రానికి మా ఇల్లు అందరి ఇళ్లలో కలిసిపోయింది. ఆమె ఆ పూట కడుపునిండా తిన్నది.

తెల్లారి కోతులు వచ్చాయి. మా ప్రాంతంలో కోతులకు మనుషుల కన్నా తీరిక ఎక్కువ. ఒకటి కిటికీ అంచున కూర్చుని, మూల దగ్గర లేచిన రంగును గోటితో పట్టి లాగింది. ఉడికిన చామగడ్డ తొక్కలా పొడుగ్గా ఊడివచ్చింది. నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, ఇంకోటి లాగింది. కింద అదే తెలుపు. అత్త కట్టె పట్టుకుని ఉరికింది. తర్వాత తన గోటితో లాగి చూసింది. అదీ అట్లాగే వచ్చింది.

"కోతికి గూడ తెలిసిపాయె, గీ ఇల్లు ఏదో" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

బజారంటే బెదిరే మనిషి ఆ రోజు నాతో హుజూరాబాద్ వచ్చింది. నన్ను ఒక్కణ్ని పంపితే తిరిగి వస్తానో రానో అని. రంగుల దుకాణాయన మా మాట విని తల కొట్టుకున్నాడు. "ప్లాస్టిక్ మీద సీదా ఏస్తె నిలుస్తదా అమ్మా? సబ్బుతోని కడుగుండ్రి. సాండ్‌పేపర్‌తోని మెరుపు పోయేదాక రుద్దుండ్రి. గీ ప్రైమర్ అడుగుపూత ఏసి ఎండనియ్యిండ్రి. గప్పుడు రంగు."

"ఎంతసేపు ఎండాలె?"

"రేపటిదాక ముట్టొద్దు."

"రేపటిదాక ఆగుతరా మరి వాళ్లు?" అంది అత్త.

దుకాణాయన నా వైపు చూశాడు. ఎవరని అడగలేదు.

ఊడగా మిగిలిన రంగంతా గీకాం. కడిగాం. రుద్దాం. ఆమె రుద్దుతుంటే పొడి లేచి దగ్గొచ్చేది. కొంగు ముక్కుకు కట్టుకుని మళ్లీ రుద్దేది. "గోడకు రంగు పూస్తం. దీన్ని ఒప్పియ్యాలె" అంది. ఎవరో బండి హారన్ కొడితే చెయ్యి ఆగేది, అది దాటిపోయాక మళ్లీ కదిలేది. నేను అరిచే మనిషినే గానీ, ఆ ఆగిపోయే చెయ్యిని చూస్తుంటే నాకూ భయం మొదలైంది. ఆమె దగ్గర నుంచి అంటుకుంది.

అద్దాలకు ప్రైమర్ అంటకుండా అంచులకు వేసే టేపు మధ్యలో అయిపోయింది. తేవటానికి నేను మళ్లీ సైకిల్ తీశాను. తిరిగి వచ్చేసరికి మా ఇంటి ముందు జనం.

సైకిల్ పడేసి ఉరికాను. దగ్గరికి పోయి చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ మా కిటికీలను చదువుతున్నారు.

నేను వచ్చేదాకా ఆగలేక అత్త గంజి కాచి, మంచం కింద దొరికిన కాగితాలతో అద్దాలన్నీ అంచుల దాకా కప్పేసి, చట్రాలకు బూడిద రంగు ప్రైమర్ పూసేసింది. ఆ కాగితాలు మిగిలిపోయిన నా కరపత్రాలు. ఆమెకు చదువు రాదు. అచ్చు ఉన్న వైపు వీధికి పెట్టి అతికించింది. నలుగురి కంట పడకుండా ఉండాలని రంగు వెయ్యబోయిన ఇల్లు, ఇప్పుడు ప్రతి అద్దం మీదా నా పేరుతో నిలబడి ఉంది. పక్కింటి పెద్దమ్మకు ఎవరో పిల్ల గట్టిగా చదివి వినిపిస్తోంది.

దాక్కోవటం తప్పని అరిచినవాణ్నే, మొదట కాగితం మీద చెయ్యి వేసింది నేనే. చించెయ్యాలని.

"ముట్టకు! పచ్చిగున్నది. ఇప్పుడు గుంజితే అంచంతా లేస్తది."

"అత్తా, ఏం అతికిచ్చినవో ఎరుకేనా? గివి నా కాయితాలు. నా పేరున్నది."

ఆమె స్టూలు మీద కూలబడింది. కాసేపు కాగితాల వైపు, కాసేపు వీధి చివరకు చూసింది. దుప్పటి కప్పుదామన్నాను. తడి మీద నూగు అంటుతుందంది. "తెల్వక అతికిచ్చిన బిడ్డా. తెలిస్తే అతికిద్దునా?" అని కళ్లు తుడుచుకుంది. ఇక చించెయ్యమంటుందనుకున్నాను.

"ఒక్కసారి భయానికి తొందరపడితే కోతి గుంజింది. మల్ల తొందరపడితే మనుషులు గుంజుతరు. ఎండనియ్యి" అంది.

ఎండలేదు. ఆ సాయంత్రమే బండి వచ్చింది.

ఇద్దరు. నల్లద్దాలు పెట్టుకున్న పెద్దవాడు, వెనక ఒక కుర్రవాడు. జనం తమ తమ గడపల దాకా జరిగారు, లోపలికి మాత్రం పోలేదు. బాపు సాంచాల నుంచి ఇంకా రాలేదు. నేను ఇంట్లో ఉన్నాను. అత్త బయట స్టూలు మీద, చేతిలో బ్రష్షుతో.

"గిది ఎవలిల్లు?"

"ఎందుకు?" అలవాటుగా వచ్చేసిందా మాట.

"గీ కాయితాలు ఎవలు అతికిచ్చిండ్రు?" అన్నాడు నల్లద్దాలవాడు.

నేను గడప దాటబోయాను. ఆమె వెనక్కి తిరగకుండానే బ్రష్షు ఉన్న చేత్తో నన్ను లోపలికి నెట్టింది. నా చొక్కా మీద బూడిద రంగు చార పడింది. "నేనే" అంది.

"ఏం రాసున్నదో ఎరుకేనా ముసల్దానా?"

"నాకు సదువు రాదు కొడుకా. రంగంటకుంట అతికిచ్చిన. నీకొస్తె సదువు, జర ఇంట."

ఎగతాళి అని చూసినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. కాదు. నాకు ఆ గొంతు తెలుసు. అది వణుకుతోంది. దేని కోసం తన ఇంటి మీదికి వచ్చారో ఆమెకు నిజంగానే తెలియదు.

కుర్రవాడు బండి దిగి చదివాడు. మొదట లోపల, తర్వాత పెదవులతో. ఒకచోట ఆగి "మోరీల పడ్డ పిల్ల ఎవల పిల్ల?" అన్నాడు.

"నా మనుమరాలు" అంది పక్కింటి పెద్దమ్మ తన గడప మీద నుంచి. "చెయ్యి ఇంక కట్టుల్నే ఉన్నది. చూస్తవా? పిలువాల్నా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దవాడు విసుగ్గా వచ్చి, ఒక చేత్తో చట్రం పట్టుకుని ఇంకో చేత్తో కాగితం లాగబోయాడు.

"ముట్టకు, పచ్చిగున్నది!"

అత్త అంత గట్టిగా అరవగా నేను ఎన్నడూ వినలేదు. అతను కూడా ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. అరచేయంతా బూడిద రంగు. ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకే నాకు భయం వేసింది. కోపంతో వచ్చిన మనిషిని ఓర్చుకోవచ్చు, నలుగురిలో నవ్వులపాలైన మనిషిని కాదు.

అత్త స్టూలు దిగింది. థిన్నర్ తడిపిన గుడ్డ తీసుకుని అతని చెయ్యి పట్టుకుంది. "గట్లనే పోతే బండికంతా అంటుతది" అంటూ వేలు వేలు తుడిచింది. ఆమె చేతులు ఎంత వణుకుతున్నాయంటే, అతని మణికట్టును గట్టిగా పట్టుకుంటే తప్ప గుడ్డ నిలవటం లేదు. అతను ఆ వణుకు చూశాడు. వీధిలో గడపల మీద నిలబడ్డ ఆడవాళ్లనూ చూశాడు. చెయ్యి లాక్కుని, "మంచిది కాదని చెప్పు మీ పిలగానికి" అని బండెక్కాడు.

బండి చప్పుడు పోయాక ఆమె లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నీళ్లిస్తే తాగి గ్లాసు పక్కన పెట్టింది. అప్పుడు అడిగింది. "ఏం రాసినవ్‌రా గా కాయితంల? ఇప్పుడు సదువు."

చదివాను. మొత్తం విన్నది.

"నిజమే కదా గిది."

"నిజమే అత్తా."

"నిజమైతే గింత పెద్దగ ఎందుకు రాసినవ్? జర చిన్నగ రాయి. నిజం చిన్నగున్నా కనవడ్తది."

ప్రైమర్ మరునాడు ఎండింది. నీలం వేశాం. ఈసారి గోటికి లేవలేదు, కోతి కూడా వాసన చూసి పోయింది. లారీలు కొన్నాళ్లు వేరే తోవన పోయి, మళ్లీ మా తోవకే వచ్చాయి. బడి దగ్గర మాత్రం కాస్త మెల్లగా పోతున్నాయి. గెలిచామని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ ఇద్దరు మళ్లీ రాలేదు. వస్తారని అత్త మాత్రం చివరిదాకా ఎదురుచూసింది. వీధిలో కొత్త బండి ఆగితే బీడీ చుట్టే చెయ్యి ఆగేది. పని కోసం నేను ఆదిలాబాద్ పోతుంటే "ఆడ నీ ఇల్లు ఎట్లుంటదో ఎవలకు చెప్పకు" అని మాత్రం అంది.

ఆమె ధైర్యం గురించి రాయమని మిత్రులు అన్నారు. రాయలేను. ఆమె ధైర్యవంతురాలు కాదు. భయపడింది, భయపడుతూనే తడి ఆరేదాకా కదలకుండా కూర్చుంది. దానికి మన పుస్తకాల్లో పేరుందో లేదో నాకు తెలియదు. ఆమె పెంచిన మనిషిగా ఆ పని నాకు చేతనవుతుందో లేదో అంతకన్నా తెలియదు.

అత్తకు పిల్లలు లేరు కాబట్టి నిప్పుకుండ నేనే పట్టుకున్నాను. కుండ పట్టినవాడు ముందు నడవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. వెనక పాడె, డప్పులు, బాపు. బడి మలుపు దగ్గర ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. తోవ ఇరుకు. డప్పులు వాటంతటవే తగ్గాయి. లారీ మరి కొంచెం ముందుకు వచ్చి, పక్కకు తిరిగి ఆగింది. ఇంజను ఆగిపోయింది. క్యాబిన్‌లో ఎవరున్నారో ఎండకు అద్దం మెరిసి కనిపించలేదు. నేను దాని టైర్లను ఒరుసుకుంటూ నడిచాను. అప్పుడే మానేరులోంచి తీసిన ఇసుక, నీళ్లు ఇంకా కారుతున్నాయి. నా పాదాల మీద చల్లగా పడ్డాయి. నా వెనక పాడె, పాడె వెనక వాడంతా ఒక్కొక్కరే ఆ సందులోంచి దాటుతున్నారు. క్యాబిన్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో కిందికి దిగారు. తిరిగి చూడకూడదు. కుండలో నిప్పు చేతులకు వేడిగా తగులుతోంది. ఇంజను మొదలవుతుందేమోనని వీపంతా చెవులు చేసుకుని నడుస్తున్నాను. నీళ్ల చుక్కల చప్పుడే వినిపిస్తోంది.